ఘనత అనే బరువు: బిషప్ అజరయ్య స్మారకోపన్యాసం

ఈ సభ డోర్నకల్ తొలి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య స్మృతికి అంకితమైనది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్‌గా అభిషేకం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూసి ఎనిమిది దశాబ్దాలు గడిచినా తెలుగు క్రైస్తవ లోకం ఆ పేరును గౌరవంతో తలచుకుంటూనే ఉంది. అయితే స్మారకోపన్యాసానికి ఒక ధర్మం ఉంది. గతించిన వ్యక్తిని కొనియాడి సరిపెట్టుకోవడం సులువు. ఆ వ్యక్తి జీవితం వేసే ప్రశ్నను వినేవారి ముందు నిలపడం కష్టం. ఈ ఉపన్యాసం ఆ రెండో పనికి పూనుకుంటోంది. పరిచర్యలో నాయకత్వం వహించే మనిషి దేవుణ్ణి ఘనపరిచే జీవితం గడపడమంటే ఏమిటి, ఆ జీవితాన్ని ఎక్కడ పరీక్షించి చూడాలి అన్నదే ఆ ప్రశ్న.

మాట లోపలి బరువు

తెలుగు క్రైస్తవుల నిత్య వ్యవహారంలో 'దేవునికి మహిమ', 'దేవునికి ఘనత' అన్న మాటలు ఊపిరిలా కలిసిపోయాయి. ప్రార్థన ముగింపులో, సాక్ష్యం మొదట్లో, కూటాల కరపత్రాల మీద, పెండ్లి శుభలేఖల మీద అవి కనిపిస్తాయి. తరచుగా పలికే మాట పలుచబడటం లోక సహజం గనుక ఈ మాటల మూలాన్ని ఒకసారి తడిమి చూడటం అవసరం. పాత నిబంధన రాయబడిన హీబ్రూ భాషలో మహిమకు వాడే మాట 'కాబోద్'. దాని ధాతువుకు బరువు, భారం అని అర్థం. ఎవరి మాట బరువైనదో, ఎవరి సన్నిధి తేలికగా తీసుకోరానిదో, వారికి కాబోద్ ఉన్నట్టు లెక్క. తెలుగులోని 'ఘనత' కూడా ఇదే అర్థాన్ని తనలో దాచుకొని ఉంది. ఘన పదార్థం అంటే చిక్కనైనది, గట్టిది, తూకం వేస్తే మొగ్గు చూపేది. కనుక దేవుణ్ణి ఘనపరచడం అంటే, పలుకును మించి, జీవితపు త్రాసులో ఆయన వైపు పళ్ళెం కిందికి దిగేటట్టు నడుచుకోవడం అని అర్థం చెప్పుకోవచ్చు.

'పరిచర్య' అన్న మాటను కూడా ఇక్కడే పరిశీలించాలి. చుట్టూ తిరుగుతూ కనిపెట్టుకొని సేవ చేయడం పరిచర్య. ముందు నడుస్తూ తోవ చూపడం నాయకత్వం. పరిచర్య నాయకుడు అన్నప్పుడు చుట్టూ తిరిగేవాడు, ముందు నడిచేవాడు ఒకే మనిషిలో ఇమడవలసి వస్తుంది. ముందు నడిచేవాడికి జనం గౌరవం ఇస్తారు, చేతికి ధనం అందిస్తారు, కూర్చోవడానికి పీఠం వేస్తారు. అవన్నీ బరువు గలవే. దేవునికి చెందవలసిన బరువు నాయకుడి వైపు జారిపోయే ప్రమాదం ఆ అందించడంలోనే మొదలవుతుంది. దుర్మార్గుడికి ఒక్కడికే వచ్చే ప్రమాదం కాదిది. యోగ్యుడికి మరింత త్వరగా వస్తుంది, ఎందుకంటే జనం ప్రేమించేది యోగ్యుణ్ణే.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించే సిద్ధాంతం ఇది: పరిచర్య నాయకుడు దేవుణ్ణి ఘనపరుస్తున్నాడో లేదో తేల్చే స్థలం ప్రసంగ వేదిక కాదు, పంక్తి, పైకం, పదవి అనే మూడు చోట్ల అది తేలుతుంది. ఎవరి పక్కన కూర్చొని భోంచేస్తాడు, ఇతరులు దేవునికిచ్చిన కానుకను ఎలా పట్టుకుంటాడు, తనకిచ్చిన పీఠాన్ని ఎలా వదులుతాడు అన్న మూడు ప్రశ్నలలో ఆ మనిషి ఆరాధన అంతా బయటపడుతుంది.

షిలోహు హెచ్చరిక

ఈ సిద్ధాంతానికి వేరు బైబిలులోని సమూయేలు మొదటి గ్రంథంలో ఉంది. షిలోహులోని దేవాలయంలో ఏలీ ప్రధాన యాజకుడు. ఆయన దుష్టుడని గ్రంథం ఎక్కడా చెప్పదు. బిడ్డ కోసం ఏడ్చిన హన్నాను మొదట అపార్థం చేసుకున్నా తరువాత దీవించాడు, ఆమెకు పుట్టిన బాలుడు సమూయేలుకు దేవుని స్వరాన్ని గుర్తుపట్టడం నేర్పాడు. అయితే ఆయన కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు యాజక వృత్తిలో ఉండి ఒక అలవాటు చేసుకున్నారు. ప్రజలు బలి మాంసం ఉడకబెట్టే వేళకు యాజకుడి పనివాడు మూడు ముళ్ళ కొంకి పట్టుకొని వచ్చేవాడు. తపేలలోనో, బానలోనో, కుండలోనో దాన్ని గుచ్చి పైకి తీసేవాడు. కొంకికి ఏది వస్తే అది యాజకుడిదే. అది కూడా చాలక, దేవునికి చెందవలసిన క్రొవ్వు దహించక ముందే పచ్చి మాంసం ఇమ్మని, లేకపోతే బలవంతంగా తీసుకుంటామని బెదిరించడం మొదలైంది. ఆలయ ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలపట్ల వారు సాగించిన అకృత్యాన్ని కూడా గ్రంథం దాచలేదు.

ఏలీ మందలించాడు, కానీ ఆపలేదు. దేవుని పక్షాన వచ్చిన ప్రవక్త ఆయన మీద మోపిన నేరం ఒక్క మాటలో ఉంది: ఏలీ తన కుమారులను దేవునికంటే ఎక్కువగా ఘనపరిచాడు. ఇక్కడ వాడిన క్రియ కాబోద్ ధాతువు నుంచి వచ్చినదే. కథ చివర యుద్ధవార్త విని ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయినప్పుడు, ఆయన వృద్ధుడు, భారీ మనిషి అని గ్రంథకర్త ప్రత్యేకంగా చెప్తాడు. ఆ భారానికి వాడిన మాట కూడా అదే ధాతువుది. ఆ రోజే ఫీనెహాసు భార్య ప్రసవించి, మహిమ వెళ్ళిపోయిందన్న అర్థంలో బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టింది. ఘనపరచడం, బరువెక్కడం, మహిమ తొలగడం అనే మూడు సంగతులను ఒకే మాటతో ముడివేసిన రచనా కౌశలం అది. దేవుని పళ్ళెం నుంచి తీసిన బరువు యాజకుడి ఒంటికి ఎక్కింది. ఒంటికి ఎక్కిన బరువే చివరికి అతణ్ణి కూల్చింది.

ఈ వృత్తాంతంలో పంక్తి, పైకం, పదవి మూడూ ఉన్నాయన్నది గమనించదగినది. తపేల పంక్తికి గుర్తు, కొంకి పైకానికి గుర్తు, పీఠం పదవికి గుర్తు. ఏలీ తరువాత వచ్చిన సమూయేలు వృద్ధాప్యంలో జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా, ఎవరి గాడిదనైనా తాను తీసుకున్నట్టయితే సాక్ష్యం చెప్పమని అడిగాడు. జనం ఏ లోపమూ చూపలేకపోయారు. అయినా సమూయేలు కుమారులు లంచాలు పుచ్చుకున్నారని అదే గ్రంథం నిర్మొహమాటంగా చెప్తుంది. సొంత చేతులు శుభ్రంగా ఉంచుకున్న మనిషి కూడా వారసత్వం దగ్గర జారిపోవచ్చునన్నది అందులోని పాఠం.

మిలేతు నుంచి రోము వరకు

కొత్త నిబంధనలో ఈ బాధ్యతకు 'గృహనిర్వాహకుడు' అన్న పేరు కనిపిస్తుంది. యజమాని ఇంటి తాళపుచెవులు పట్టుకొని, అందరికీ వేళకు అన్నం పెట్టించి, చివరికి లెక్క అప్పగించవలసిన మనిషి అని దాని అర్థం. అతని చేతి కింద ఉన్నదేదీ అతనిది కాదు. అపొస్తలుడైన పౌలు మిలేతు రేవులో ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పినప్పుడు, ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనూ ఆశించలేదని, తన అక్కరలూ తనతో ఉన్నవారి అక్కరలూ తన చేతులతోనే తీర్చుకున్నానని గుర్తుచేశాడు. మందను కాయమని చెప్పడానికి ముందు మిమ్మల్ని మీరు కాచుకోండి అన్న వరుసలో ఆయన హెచ్చరిక సాగింది. ఆ వరుస ముఖ్యమైనది. తనను కాచుకోని కాపరి మందను కాయలేడు.

అదే పౌలు యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా తీసుకుపోవడానికి ఒప్పుకోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషులను తోడు తీసుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో లేఖలో కారణం చెప్పాడు. 'దేవునికి తెలుసు' అన్న మాటను పౌలు లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి అడ్డం పెట్టుకోలేదు. దేవునికి తెలిసినది మనుషులకు చూపించడానికి కూడా ఆయన సిద్ధపడ్డాడు.

సుమారు ఐదు శతాబ్దాల తరువాత, 590లో, కరవుతో, తెగులుతో కుంగిపోయిన రోము నగరంలో గ్రెగరీ బిషప్ పదవికి వచ్చాడు. ఆ భారాన్ని తప్పించుకోవాలనుకున్న సన్యాసి ఆయన. పదవి చేపట్టిన తొలి రోజుల్లోనే కాపరుల కోసం ఒక గ్రంథం రాశాడు. అది మధ్యయుగ ఐరోపా అంతటా బిషప్పులకు పాఠ్యగ్రంథమయింది. నాలుగు భాగాలున్న ఆ గ్రంథంలో చివరి భాగం అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పదునైనది. చక్కగా బోధించిన కాపరి ఆ తరువాత తన లోపలికి తిరిగి వెళ్ళి తన బలహీనతను తాను చూసుకోవాలన్నది దాని సారం. బోధ విఫలమైనప్పటి నిరాశ కంటే బోధ ఫలించినప్పటి గర్వం కాపరికి పెద్ద ఉరి అని గ్రెగరీ గ్రహించాడు. దేవుని దాసులకు దాసుడు అన్న బిరుదును ఆయన తన పేరు పక్కన రాసుకున్నాడు. ఆ బిరుదు తరువాతి శతాబ్దాలలో కొన్నిసార్లు అలంకారంగా మిగిలిందన్నది చరిత్ర. రాసుకున్న మనిషికి మాత్రం అది వ్రతం.

తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి తామస్ వేదనాయకం గ్రామ సంఘ గురువు. మొదట కుమార్తె పుట్టిన చాలా ఏళ్ళకు, తల్లి ఎలెన్ హన్నావలె ప్రార్థించగా కలిగిన కుమారుడు గనుక శామ్యూల్ అన్న పేరు వచ్చింది. షిలోహు కథలోని బాలుడి పేరే అది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం, 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడటంలో ఆయన ప్రధాన పాత్ర వహించారు. భారతీయుల ధనంతో, భారతీయ మనుషులతో, భారతీయుల నిర్వహణలో సువార్త సాగాలన్నది ఆ సంఘాల మూలసూత్రం.

యువకులను మారుమూల ప్రాంతాలకు వెళ్ళమని పిలుస్తున్న ఆ కార్యదర్శిని ఒక ప్రశ్న వెంటాడింది: ఇతరులను పంపే మనిషి తాను ఎందుకు కదలకూడదు? 1909లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు ఆయన తరలివచ్చారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు మార్గం చీలే జంక్షన్. తమిళుడైన ఆయనకు తెలుగు పరాయి భాష. నగరాల సభలలో అనర్గళంగా ప్రసంగించే మనిషి పసివాడిలా అక్షరాలు దిద్ది, కొత్త భాషలో తడబడుతూ ప్రార్థన చేయడం మొదలుపెట్టవలసి వచ్చింది. ఆయన నాయకత్వానికి పునాది ఈ తగ్గింపులో పడింది.

పంక్తి

1910 జూన్‌లో స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా దేశాల నుంచి వచ్చినవారు ఇరవై మందికి మించరు. అక్కడ అజరయ్య విదేశీ మిషనరీలకూ స్థానిక సేవకులకూ మధ్య సంబంధం గురించి ప్రసంగించారు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్తూనే, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయ సహోద్యోగికి మిషనరీ ఇంటి భోజనాల బల్ల దగ్గర చోటు లేకపోవడాన్ని ఆయన దాచకుండా చెప్పారు. ధనం ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగపు అభ్యర్థన. సభలో కొందరు నొచ్చుకున్నారు. కాని మిషనరీ ఉద్యమ చరిత్రలో ఆ ప్రసంగం నేటికీ చెరగని మాటగా నిలిచింది.

ఆ మాటను ఇతరులకు చెప్పిన మనిషి తిరిగి వచ్చినది డోర్నకల్‌కు. అక్కడ ఆ ప్రశ్న ఆయన వైపే తిరిగింది. ఆ ప్రాంతంలో క్రైస్తవ్యం స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ సముదాయాలవారు. ఊరి పెత్తందార్ల చేతిలో ఇద్దరూ ఒకే అవమానం పడ్డా, వారి మధ్య కంచం పొత్తు గాని మంచం పొత్తు గాని లేదు. ఒకరి బావి నీళ్ళు ఒకరికి పనికిరావు. అలాంటి రెండు వాడల మనుషులు ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలోని ద్రాక్షారసం పుచ్చుకోవడం అంటే తరాల గోడకు గునపం వేయడమే. సంఘంలో కులానికి చోటు లేదని అజరయ్య బోధించారు, పాలనలో అదే నియమాన్ని పట్టుబట్టారు. తెల్లవారి బల్ల దగ్గర చోటు అడిగిన నోటితోనే, తన వారి పంక్తిలో అందరికీ చోటు ఉండాలని అడగకపోతే ఎడింబరో ప్రసంగం వట్టి అభిమానపు మాటగా మిగిలేది.

ఈ పోరాటం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదని ఒప్పుకోవడం న్యాయం. తెలుగు సంఘాలలో కులం పెండ్లి సంబంధాలలో, సంఘ ఎన్నికలలో, కొన్నిచోట్ల శ్మశానాలలో కూడా నేటికీ తొంగిచూస్తూనే ఉంది. నాయకుడు తేలికగా తీసుకునే పాపం సంఘంలో బరువెక్కుతుంది. ఎవరింట్లో భోంచేస్తాడు, ఎవరింటికి ప్రార్థనకు వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వస్తాడు అన్నది సంఘం మౌనంగా చూస్తూనే ఉంటుంది. వేదిక మీది వంద ప్రసంగాలు చెప్పలేనిది పేదవాడి ఇంట్లో చాప మీద కూర్చొని తిన్న ఒక్క ముద్ద చెప్తుంది.

పైకం

తెలుగు పల్లెల క్రైస్తవ గృహాలలో ఒక ఆచారం ఉంది. పూట పూటకూ అన్నం వండే ముందు ఇల్లాలు చేటలోని బియ్యం నుంచి పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తుంది. ఎసరు పెట్టక ముందే, పిల్లలకు సరిపోతాయో లేదో చూడక ముందే ఆ పిడికెడు పక్కకు వెళ్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి చేరుతుంది. కోత పండుగ వచ్చినప్పుడు ధాన్యం, కోడి, గుమ్మడికాయ, కోడిగుడ్లు, మేకపిల్ల ఆరాధనలో కానుకగా వచ్చి, తరువాత వేలం పాటలో నగదుగా మారతాయి. కూలి డబ్బు చేతిలో ఆడని కాలంలో, పేదలు కూడా ఇచ్చేవారుగా తలెత్తి నిలబడేందుకు ఈ పద్ధతులు దారి చూపాయి. అజరయ్య ఈ దానధర్మాన్ని విశ్వాస జీవితపు కేంద్రంలో నిలిపారు. క్రైస్తవ దానం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం భారతదేశం బయట కూడా చదవబడింది. పేదవాణ్ణి పుచ్చుకునేవాడిగానే ఉంచడం అతని గౌరవాన్ని తగ్గించడమని, ఇవ్వడం నేర్పడం అతణ్ణి నిలబెట్టడమని ఆయన దృష్టి.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్ ఈ దృష్టికి రాతిలో ఆకారం. కేథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే ప్రధానాలయం. ఏళ్ళ తరబడి సాగిన నిర్మాణం తరువాత 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమయింది. హిందూ ఆలయ మండపాన్ని గుర్తుతెచ్చే స్తంభాలు, ముస్లిం కట్టడాలను పోలిన గుమ్మటాలు అందులో క్రైస్తవ ఆరాధన కోసం ఒకచోట చేరాయి. విదేశీ సహాయం ఆ అధ్యక్ష ఖండానికి, అంటే బిషప్ పాలన కిందనున్న ప్రాంతానికి, పూర్తిగా అక్కరలేకుండా పోలేదు. సంఘం సొంత కాళ్ళ మీద నిలబడాలన్న ఆయన ఆశ ఆయన కాలంలో పూర్తిగా నెరవేరలేదు. అయినా ఆ కట్టడాన్ని చూసే గ్రామీణుడు అది ఎవరో కట్టించి ఇచ్చినదని కాక తన వారి పిడికెళ్ళు కూడా అందులో ఉన్నాయని చెప్పుకోగలిగాడు.

పిడికెడు బియ్యాన్ని నాయకుడు ఏ చేత్తో పట్టుకుంటాడు అన్నదే పైకం విషయంలో పరీక్ష. ఆ కుండలోని బియ్యం ఒక తల్లి తన పూటలోంచి తగ్గించుకున్నది. దాని మీద కట్టిన ప్రతి గదికీ, కొన్న ప్రతి వాహనానికీ, చేసిన ప్రతి ప్రయాణానికీ ఆ కుండే సాక్షి. షిలోహులో కొంకి గుచ్చినది తపేలలోనే అయినా తగిలినది దేవుని భాగానికి. అక్కడి నుంచి ఇక్కడికి దూరం ఎక్కువ లేదు.

పదవి

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందారు. ఒక భారతీయుడి కింద ఐరోపా గురువులు పనిచేయడమా అన్న అభ్యంతరం అప్పటికే వినబడింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల ఆ దారిని తెరిచింది. చిన్నదిగా మొదలైన అధ్యక్ష ఖండం తరువాత కృష్ణా ప్రాంతం వరకు విస్తరించి, ఆయన చివరి రోజులకు రెండు లక్షలకు పైబడిన విశ్వాసులతో, ఎక్కువమంది భారతీయ గురువులతో ఎదిగింది.

అంత పెద్ద పీఠం మీద కూర్చున్న మనిషి దాన్ని ఎలా చూశాడు అన్నది రెండు సంగతులలో తెలుస్తుంది. మొదటిది బాప్తిస్మం. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేతులను వారి తలల మీద ఉంచుకోమని చెప్పి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను ప్రతిజ్ఞగా పలికించేవారు. నిన్నటిదాకా పొలంలో వెట్టి చేసిన కూలీ, ఆ క్షణం నుంచి సందేశం మోసే మనిషి. ప్రకటించే అధికారం బిషప్ పీఠం నుంచి బురద కాళ్ళ దాకా పంచబడింది. తన వద్ద గుత్తగా ఉంచుకోదగిన దాన్ని పంచిపెట్టడం కంటే నాయకుడు దేవుణ్ణి ఘనపరిచే మార్గం మరొకటి అరుదు.

రెండోది సంఘాల ఐక్యత. 1919 మేలో తరంగంబాడిలో, అంటే 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీలు దిగిన రేవులో, దక్షిణ భారత సంఘ నాయకులు సమావేశమై, పశ్చిమ దేశాల నుంచి దిగుమతి అయిన చీలికలు ఈ దేశపు సంఘాలకు భారమని, ఐక్యత కావాలని పిలుపునిచ్చారు. అజరయ్య అందులో ముందున్నారు. బిషప్ పదవి ఐక్యతకు చిక్కుముడిగా ఉన్న చర్చలవి. కొన్ని సంఘాలు బిషప్పులనే ఒప్పుకోవు. పాతికేళ్ళు సాగిన ఆ సంప్రదింపులలో ఆయన తన పదవిని సాధనంగా చూశారే తప్ప ఆస్తిగా చూడలేదు. ఆ సంప్రదింపుల ఫలంగా దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆవిర్భవించింది. అప్పటికి ఆయన చనిపోయి రెండున్నరేళ్ళు దాటింది. తాను చూడని పంటకు ఆయన దుక్కి దున్నారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న రాజకీయ ఆలోచనను ఆయన వ్యతిరేకించడంలో కూడా ఇదే స్వభావం కనిపిస్తుంది: సంఘం ఓట్ల లెక్కగా మారితే దేవుని బరువు తగ్గి సంఖ్య బరువు పెరుగుతుందని ఆయన భయపడ్డారు.

ఈ ప్రస్థానంలో సహధర్మచారిణి అన్బు మరియమ్మాళ్ స్థానాన్ని విడిచి చెప్పడం అన్యాయం. చదువుకున్న స్త్రీగా ఆమె గ్రామ స్త్రీల మధ్య చేసిన సేవ, బిషప్ పర్యటనల మధ్య ఇల్లు నిలబెట్టిన ఓర్పు ఆ పరిచర్యలో భాగమే. తన ఇంటివారిని ఏలనేరని మనిషి దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని తిమోతికి రాసిన లేఖ అడుగుతుంది. సంఘానికి సమయమంతా ఇచ్చి ఇంటికి మిగులు ముక్కలు ఇచ్చే నాయకుడు ఆ ప్రశ్న ముందు నిలబడలేడు.

నేటి తెలుగు సంఘం ముందున్న పని

నేడు తెలుగు నేల మీద, తెలుగువారు స్థిరపడిన విదేశాలలో, చారిత్రక సంఘాలతోపాటు స్వతంత్ర సంఘాలు విస్తారంగా పెరిగాయి. ఒక కాపరి కష్టంతో, ఉపవాసంతో, అద్దె గదిలో మొదలైన ప్రార్థన గుంపు పదేళ్ళలో పెద్ద మందిరంగా, ట్రస్టుగా, టీవీ కార్యక్రమంగా, యూట్యూబ్ ఛానెల్‌గా ఎదగడం కనిపిస్తుంది. ఆ ఎదుగుదలలో నిజమైన భక్తి, నిజమైన త్యాగం ఉన్నాయి. కాని దానితోపాటు లెక్క అడిగేవారు లేని చెక్కు పుస్తకం, ప్రశ్నించేవారు లేని వేదిక, కుమారుడికే దక్కే పీఠం కూడా పెరిగాయి. ఇది ఏ ఒక్కరినీ వేలెత్తి చూపే మాట కాదు. చారిత్రక సంఘాలలో ఎన్నికల తగాదాలు, ఆస్తి వ్యాజ్యాలు కోర్టుల దాకా పోవడం కూడా అదే రోగానికి మరో లక్షణం.

పంక్తి, పైకం, పదవి అన్న మూడు చోట్లా చేయదగిన పనులు చిన్నవే, కాని గట్టివి. కానుకలను ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కించడం, బ్యాంకు ఖాతాకు కుటుంబం బయటివారి సంతకం కూడా అవసరం చేయడం, ఏటేటా జమాఖర్చులను సంఘం ముందు చదివి వినిపించడం పౌలు పద్ధతికి నేటి రూపం. ప్రార్థన కోరి వచ్చిన స్త్రీలతో, పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకపోవడం, ఫిర్యాదు వచ్చినప్పుడు సంఘం పరువు పేరుతో దాన్ని అణచకుండా నిష్పక్షపాతుల చేత విచారింపజేయడం షిలోహు ద్వారం దగ్గరి స్త్రీలకు ఆలస్యంగానైనా దక్కే న్యాయం. పదవీ కాలానికి ఒక హద్దు ఒప్పుకోవడం, తనకంటే సమర్థుడైన యువకుడిని తన వేదిక మీద ప్రసంగించనివ్వడం, వారసుడిని రక్తంలో కాక పిలుపులో వెదకడం సమూయేలు చేయలేకపోయిన పని.

వీటన్నిటికీ ముందు ఏకాంతం ఉంది. యేసు తెల్లవారక ముందే లేచి నిర్జన స్థలానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు సువార్త చెప్తుంది. ఆ ఉదయం అందరూ ఆయన కోసం వెదకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పినా ఆయన ఆ ఊరి ఆదరణకు లొంగక వేరే ఊళ్ళకు బయలుదేరాడు. జనం వెదకడాన్ని దేవుని పిలుపుగా పొరబడకుండా ఉండగలిగే బలం ఆ చీకటి వేళ ప్రార్థనలోనే దొరికింది. కెమెరా లేని, సాక్షులు లేని ఆ గంట లేని నాయకుడికి నియమాలెన్ని ఉన్నా అవి కొన్నాళ్ళకు తప్పించుకునే దారులవుతాయి.

ముగింపు

అజరయ్య నిర్దోషి కాడు. ఏ మనిషీ కాడు. కులం ఆయన చేతుల మీదుగా పూర్తిగా కూలలేదు, పరాధీనత పూర్తిగా పోలేదు, ఐక్యత ఆయన కళ్ళ ముందు సిద్ధించలేదు. అయినా ఆయన జీవితపు త్రాసు ఎటు మొగ్గిందో స్పష్టంగా కనిపిస్తుంది. బల్ల దగ్గర చోటు అడిగినవాడు ఇతరులకు చోటు ఇచ్చాడు. పేదల కానుకను పేదల గౌరవంగా పట్టుకున్నాడు. పీఠాన్ని ఐక్యతకు ఉపకరణం చేశాడు.

ఏ పల్లెలోనో ఈ సాయంత్రం కూడా ఒక తల్లి పొయ్యి ముందు కూర్చొని, బియ్యం కడగక ముందు పిడికెడు తీసి పక్కన పెడుతుంది. ఆమె వేదాంత గ్రంథాలు చదవలేదు, హీబ్రూ మాటల ధాతువులు ఆమెకు తెలియవు. కాని ఆకలిగల ఇంట్లో ఆ పిడికిలి ఎంత బరువో ఆమె చేతికి తెలుసు. ఆ బరువు ఎవరికి చెందుతుందో కూడా తెలుసు. ఆమె దేవునికిచ్చిన బరువును దేవునికే చేర్చే నాయకుడు ఆయనను ఘనపరిచినవాడు. ఈ స్మారక సభ కోరదగిన ఫలం, ఆ కుండ ముందు తలవంచి నిలబడగలిగే కాపరులు ఈ నేలకు దొరకడమే.